లింకు దస్తావేజు

రైటరుగారు పోయాడని మొన్న చోడవరం నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పోయే ముందు విశాఖపట్నంలో ఏదో ఆస్పత్రిలో చేర్చారట. ఆపరేషన్‌కి సంతకం పెట్టమని కాగితాలిస్తే నాలుగు పేజీలూ చదివేదాకా పెన్ను ముట్టలేదట. లోపల డాక్టర్లు చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారట. ఈయన మూడో పేజీలో ఒక మాటకి అర్థం అడిగాడట.

"ఆ మనిషి మారలేదే అక్కా," అన్నాడు తమ్ముడు.

నాకు నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వకూడదని తెలుసు. కానీ బతికుండగా ఆయన్ని నేనెన్నడూ గౌరవించలేదు. పోయాడు కదా అని ఇప్పుడు కొత్తగా మొదలెడితే ఆయనకే నచ్చదు. పాత తేదీ వేసి రాసిన కాగితమంటే ఆయనకి ఒళ్ళుమంట.

చోడవరం రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాసేవాళ్ళ రేకుల షెడ్లు వరసగా ఉండేవి. అందులో చివరి దాంట్లో కూర్చునేవాడు. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకి సాగి ఉండేది. ఏ కాగితం అందినా ముందు వెలుతురుకి ఎత్తి చూసేవాడు. తర్వాత బొటనవేలితో అంచు తడిమేవాడు. ఆ తర్వాతే ఇచ్చిన మనిషి మొహం చూసేవాడు. మా పెద్దక్క పెళ్ళికి నాన్న శుభలేఖ ఇచ్చినా అదే వరస. వెలుతురుకి పెట్టి, తడిమి, చదివి, "ఉదయం అని రాసేరు, పక్కన పీఎం అని వేసేరు. ఏది నమ్మాల?" అన్నాడు. అప్పటికే ఊరంతా పంచేశాం. నాన్న మొహం మాడిపోయింది. ఆయన పెళ్ళికొచ్చాడు, భోంచేశాడు, ముహూర్తం ఉదయమే జరిగిందని నిర్ధారించుకుని వెళ్ళాడు.

మిగతా రైటర్లు అరగంటలో తేల్చే దస్తావేజుకి ఈయనకి పూట పట్టేది. రాసింది మొత్తం పైకి చదివేవాడు. చదివి ఊరుకుంటే బాగుండును, పరీక్ష పెట్టేవాడు. బుచ్చయ్యపేట రైతు ఒకాయన ఇరుక్కోవడం నేను స్వయంగా చూశాను.

"ఇప్పుడు నేనేటి చదివేనో నువ్వు చెప్పు."

"మీరు రాసింది మీకు తెల్దా బాబూ, నన్నడుగుతారేటి?"

"అమ్ముతన్నది నువ్వు. తూర్పున ఏటుంది?"

"మా బావమరిది సెరుకు."

"కాగితంలో కాలవని ఉంది. మరి కాలవేది?"

ఆ రైతు తలగోక్కుని, కొనేవాడి వంక చూసి, ఇద్దరూ లేచి పక్క షెడ్డుకి పోయారు. అలా పోయినవాళ్ళే ఎక్కువ. పక్క షెడ్లలో జనం కిటకిటలాడుతుంటే ఈయన ఒక్కడూ వీధికేసి చూస్తూ కూర్చునేవాడు, అదేదో తనకి దక్కిన సన్మానం అన్నట్టు. ఆయన నిజాయితీ మీద నాకేం కోపం లేదు. దాని చప్పుడే భరించలేకపోయేదాన్ని.

అలాంటి మనిషి ఇంట్లో కంప్యూటర్ ఉండేదంటే ఇప్పుడు ఎవరికీ వింత కాదు. తొంభైల మొదట్లో అది వింతే. తను రాసిన ప్రతి దస్తావేజు సారాంశాన్నీ ఆయన ముప్ఫై ఏళ్ళుగా నోటు పుస్తకాల్లో ఎక్కించుకునేవాడు: అమ్మిందెవరు, కొన్నదెవరు, నంబరు, నాలుగు హద్దులు. ఒక తుఫానుకి పెంకులు లేచిపోయి ఆ పుస్తకాలన్నీ తడిశాయి. వాళ్ళావిడ పేజీలు విడదీసి, పొయ్యి పక్కన ఆరబెట్టింది. అప్పుడే విశాఖపట్నం వెళ్ళి కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆవిడ, మేం పిన్ని అనేవాళ్ళం, ఏడాదిన్నరపాటు కూర్చుని మొత్తం టైపు చేసింది. ఆయన మీటలు ముట్టేవాడు కాదు. వెనక కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. చెప్పడం అయ్యేసరికి తడిసిన పుస్తకాలు పొడిపొడిగా రాలిపోయాయి. ఇక అన్నీ ఆ పెట్టెలోనే. పని లేనప్పుడు దాని మీద పిన్ని ఉతికిన పాతచీర కప్పి ఉంచేది.

వచ్చిన చిక్కల్లా పేర్లతో. ఆ పాత సిస్టంలో ఫైలు పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి మించి పట్టవు. మా వైపు సూర్యనారాయణలకి కరువా? మొదటివాడు 'సూర్యనార్' దగ్గర ఆగిపోయేవాడు. తర్వాత వచ్చినవాళ్ళకి పిన్ని చివర రెండు, మూడు, నాలుగు అని అంకెలు తగిలించేది.

"మనిషికి నంబరేటి? ఇదేటన్నా జైలా?" అని ఆయన రోజూ చిరాకుపడేవాడు.

అప్పటికి నేను విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, బజారులో ఒక మేడ గదిలో రెండు కంప్యూటర్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. నాకు ఇరవై మూడేళ్ళు. కొత్తగా వచ్చిన విండోస్‌లో పేరు ఎంత పొడుగైనా రాసుకోవచ్చని పిన్నితో ఒకసారి అన్నాను. అదే నా తప్పు. మర్నాడు క్లాసు నడుస్తుండగా రైటరుగారు మెట్లెక్కి వచ్చాడు.

"ఏవే గుంటా, కొత్త సిస్టంలో పేరు మొత్తం పడతాదంట?"

"అవునండీ. నా దగ్గరుంది, రేపొచ్చి వేసిపెడతాను."

"నీ దగ్గరికి ఎలాగొచ్చింది?"

"మా ఫ్రెండు ఇచ్చింది."

"ఆవిడకి?"

"వాళ్ళ సారు."

"ఆయనకి?"

వెనక పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నా రెండు కంప్యూటర్లనీ చూసి, పిల్లల వైపు తిరిగాడు.

"దొంగగేదె పాలు పోస్తంది మీకు. తాగండి," అన్నాడు. అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వారం రోజులు నేను కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా వెనక బెంచీలోంచి గేదె అరుపు వినబడేది. ఒక పిల్ల తండ్రి వచ్చి, "ఏటమ్మా, పోలీసులొస్తారేటి?" అని అడిగి, ఎంత చెప్పినా వినక కూతుర్ని మానిపించేశాడు. చోడవరంలోనే కాదు, నాకు తెలిసిన ప్రపంచంలో ఎక్కడా ఎవరూ ఆ సరుకు కొని వాడేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా, "అందరూ దొంగలైతే దొంగతనం పోద్దేటి?" అనేవాడు.

ఆయన విశాఖపట్నం వెళ్ళి అసలు సిసలు విండోస్ పెట్టె కొనుక్కొచ్చాడు. పాత మిషను చాలదంటే మెమరీ కూడా కొని, మిషను మోసుకెళ్ళి వేయించుకొచ్చాడు. బస్సులో పెట్టెని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడట. దాని మీద తళతళలాడే ముద్రని ఎండకి తిప్పి తిప్పి చూపిస్తూ, బస్టాండు నుంచి ఇంటిదాకా ఎదురైన ప్రతివాడికీ "ఒరిజినల్" అని చెప్పాడట. చోడవరం మొత్తానికి అదొక్కటే ఒరిజినల్ అని నేనూ ఒప్పుకుంటాను.

వేసిపెట్టడానికి మాత్రం మళ్ళీ నేనే దిక్కు. పిన్ని వచ్చి పిలిచింది. "మీ రైటరుగారు రమ్మంతన్నారే. నీకు కోపమని నాకు తెలుసు. నాకోసం రా."

వెళ్ళాను. ఆయన మిషను మొరాయించాలని మనసులో దణ్ణం పెట్టుకునే వెళ్ళాను.

పొద్దున్నే కూర్చున్నాం. పెట్టెలో పదమూడు ఫ్లాపీలు, ఒక లైసెన్సు పుస్తకం. నేను మొదటి ఫ్లాపీ అందుకోగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు చదవాల."

"దాన్నెవరూ చదవరండీ."

"అందుకే రాసేరు," అన్నాడు.

ఇంగ్లీషు దస్తావేజుల భాష ఆయనకి కొట్టినపిండి. గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. పిన్ని రెండుసార్లు టీ పెట్టింది. నేను ఫ్లాపీల్ని వరసగా పేర్చి, మళ్ళీ తీసి, మళ్ళీ పేర్చాను. మధ్యమధ్య ఆయన తల పంకించేవాడు. ఇంకొకడి పనిని ఆయన మెచ్చుకోవడం అదొక్కసారే విన్నాను. "రాసినోడు సామాన్యుడు కాదే. సూది దూరే సందు వదల్లేదు."

ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. ఆ వాక్యం మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి చదివాడు.

"ఇది పాతదానికి పైకట్టుడు అంటన్నాడు, అప్‌గ్రేడంట. పాతదాని మీద హక్కున్నోడికే దీని మీద హక్కంట. లింకు దస్తావేజు అడుగుతన్నాడే."

స్థలం అమ్మేవాడికి అది ఎలా వచ్చిందో చెప్పే వెనకటి కాగితాన్ని రైటర్లు లింకు దస్తావేజు అంటారు. అది లేకపోతే కొత్త కాగితం ఎంత బాగా రాసినా విలువ లేదు. ముప్ఫై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరినీ ఆయన మొదట అడిగింది అదే.

"ఒసే, మిషను కొన్ననాటి సంచి తే."

పిన్ని సంచి తెచ్చింది. అందులో బిల్లు, గ్యారంటీ కార్డు, ఏడు ఫ్లాపీలు. ఫ్లాపీల మీద కంపెనీ ముద్రలేం లేవు. బాల్‌పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని రాసి ఉంది. అచ్చం నా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవాటిలాగే. ఆయన ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత బిల్లు తీశాడు. మానిటర్ ఉంది, కీబోర్డు ఉంది, మౌసు ఉంది, చివరికి దుమ్ము పడకుండా వేసే కవరు కూడా ఉంది. ఆ ఫ్లాపీల్లో ఉన్న సిస్టం మాత్రం లేదు. కొన్నరోజున ఆ బిల్లునీ చదివే ఉంటాడు. ఉన్నవన్నీ చదివాడు. లేనిదాన్ని చదవడం ఆయనకీ చేతకాలేదు.

నేను ఆగలేకపోయాను.

"మీ గేదె కూడా మా మందలోదే రైటరుగారూ," అన్నాను.

పిన్ని నావైపు చూసి తల దించుకుంది. ఆయన బిల్లు మడత పెట్టాడు. అంతకు ముందు గాని, తర్వాత గాని, నా మాట అంత సూటిగా ఎవరికీ తగల్లేదు. కడుపు నిండిపోయింది. నిండాక దయ కలిగింది.

"పోనీలెండి. ఒప్పుకుంటున్నానని ఒక మీట నొక్కితే అయిపోతుంది. ఎవడడుగుతాడు?"

"ఎవడూ అడగడని తెలిసే కదే ఆడింత వివరంగా రాసేడు." పుస్తకం మూసేశాడు. "పట్టా లేని స్థలంలో మేడ కట్టమంటావేటి?"

మర్నాడు విశాఖపట్నం వెళ్ళాడు. పాతదానికి కాగితం అడిగితే కొట్టువాడు నవ్వాడట. "అప్పట్లో అందరికీ అలాగే ఎక్కించి ఇచ్చేం మాస్టారూ, ఊరికే." లింకు అవసరం లేని పూర్తి పెట్టె వేరే ఉంటుందనీ, అలాంటిది ఇక్కడెవరూ అడగరు కాబట్టి హైదరాబాదు నుంచి తెప్పించాలనీ, నెలలు పడుతుందనీ చెప్పాడట. తెప్పించమని చెప్పి, తిరిగొచ్చి, పిన్ని చేత మిషను మీద చీర కప్పించాడు. కొత్తది వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదన్నాడు. అందులో ఉన్నది పరాయి సొత్తు.

ఆ రోజుల్లో నేను ఏదో వంకతో తరచూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఓడిపోయిన మనిషిని చూడ్డంలో ఒక రుచి ఉంది. అలా వెళ్ళిన ఒక మధ్యాహ్నం దేవరాపల్లి నుంచి నడివయసు మనిషి ఒకామె వచ్చి గుమ్మంలో కూర్చుంది. మావ కొన్న పొలంలో మరిది గట్టు జరిపేశాడు. కాగితాలన్నీ అతని దగ్గరే ఉన్నాయి. ప్లీడరు హద్దులు తెమ్మన్నాడు.

"రిజిస్ట్రారాఫీసులో నకలు తీసుకో," అన్నాడు రైటరుగారు.

"నెంబరు సెప్తేనే ఇత్తారంట బాబూ. నెంబరు మీకాడుంటాదని మా ఊరోళ్ళు సెప్పేరు."

"ఉంది. ఆ పెట్టెలో ఉంది. అది తెరవకూడదు. అది నాది కాదు."

"మరెవులిది బాబూ?"

ఆమె అర్థంకాక నా వంక, పిన్ని వంక చూసింది. పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుని లేచింది. చీర లాగేసి స్విచ్చి వేసింది.

"ఒసే," అన్నాడాయన.

"పెట్టె ఎవలిదో నాకు తెల్దు. అందులో అక్షరాలు నావి. ఏడాదిన్నర కొట్టేను." ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "నీ మావ పేరేటమ్మా?"

నంబరు, నాలుగు హద్దులు పిన్ని చదివింది. వచ్చినామెకి రాయడం రాదు కాబట్టి నేను రాసిచ్చాను. మిషను ఆపేదాకా రైటరుగారు వీధిలోకి పోయి ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు, ఎండలో, గొడుగు లేకుండా. ఆమె వెళ్తూ పిన్నికి దణ్ణం పెట్టింది. ఆయన్ని దాటుకుని పోయింది. ఒక మనిషి పొలం పోతుంటే తన మడి కాపాడుకున్నాడని ఊళ్ళో పదిమందికి నేనే చెప్పాను. కాస్త పెంచే చెప్పాను.

మర్నాటి నుంచి పిన్ని ఇంకో పని పెట్టుకుంది. కొత్తది వచ్చాక పాతదాన్ని పూర్తిగా చెరిపేయాలని ఆయన పట్టు. అలాగైతే ముందు మొత్తం కాగితం మీదకి దిగాలని ఆవిడ పట్టు. ఆవిడ తెర మీద చూసి చదివేది. ఆయన తెరకి వీపు పెట్టి కూర్చుని రాసేవాడు. పరాయి సొత్తుని కంటితో చూడకూడదు గాని, చెవితో వినొచ్చు కాబోలు! వీధిలోకి వాళ్ళ మాటలు వినబడేవి. "తూర్పు?" "కాలవ." "పడమర?" "పుంత దారి." నెల పైన పట్టింది. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన చేత్తో రాసినదాన్ని ఆవిడ టైపు చేసింది. టైపు చేసినదాన్ని మళ్ళీ చేత్తో రాయించింది. ఇక మళ్ళీ టైపు చెయ్యాలి. ఒక మనిషి నీతిగా బతకడానికి ఇంకో మనిషి ఎంత చాకిరీ చెయ్యాలో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

చెరుకు బళ్ళు రోడ్డెక్కే వేళకి పూర్తి పెట్టె వచ్చింది. నేనే వెళ్ళి పాతదంతా చెరిపాను.

"నా పేకముక్కలు కూడా పోయేయేటే?" అంది పిన్ని మెల్లిగా. ఆయన లేనప్పుడు ఆవిడ అందులో పేకాట ఆడుకునేదని ఆయనకి తెలీదు.

"కొత్తదాంట్లోనూ ఉంటాయి పిన్నీ."

ఆయన ఈ లైసెన్సు పుస్తకాన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒప్పుకుంటున్నానన్న మీట తనే నొక్కాడు. వేలిముద్ర వేసేవాడిలా చూపుడువేలు నిలువుగా పెట్టి, ఒత్తి, కాసేపు అలాగే ఉంచాడు. ఆయన ఆ మిషన్ని ముట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

ఇక బజారులో దండోరా వేస్తాడని ఎదురుచూశాను. అదేం లేదు. పది రోజుల తర్వాత, క్లాసు జరుగుతుండగా, మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో స్టాంపు కాగితం ఉంది. దస్తావేజులో కొలతో పేరో తప్పు పడితే దాన్ని దిద్దుతూ ఇంకో కాగితం రాస్తారు. సవరణ దస్తావేజు అంటారు. ఆయన రాసుకొచ్చింది అది. గది మధ్యలో నిలబడి చదివాడు.

"... సదరు దినమున ఈ శిక్షణాలయమందు విద్యార్థుల సమక్షమున నేను పలికిన మాటల వలన, దొంగసొత్తు ఈ గదిలో మాత్రమే కలదని అర్థము వచ్చుచున్నది. అది తప్పు. ఆ దినమున నా స్వగృహమందు కూడ అట్టిదే కలదు. ఆ సంగతి నాకు తెలియకపోయినను, తెలుసుకొనకపోవుట నా తప్పే అయి యున్నది..."

పిల్లలు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. హద్దుల దగ్గరకి వచ్చినప్పుడు నా గదికి నాలుగు హద్దులూ చదివాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"గేదె మాట వెనక్కి తీసుకోడం లేదు," అన్నాడు నాతో. "అది నిజమే. అందులో నన్ను కలిపేను, అంతే. సాక్షి సంతకం పెట్టు. చదివి పెట్టు."

"క్లాసుందండీ. తర్వాత పెడతాను."

"అలాగే. తొందర లేదు."

కాగితం నా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఆయన మెట్ల మీద ఉండగానే వెనక బెంచీలో ఎవడో గేదెలా అరిచాడు. గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలై, కిందకి దిగిపోయింది.

ఆ తర్వాత రెండుసార్లు వీధిలో కనబడి "చదివేవా?" అని అడిగాడు. "ఇంకా లేదండీ" అన్నాను. మూడోసారి ఎదురైనప్పుడు అడగలేదు. మరుసటి ఏడాది ఇన్‌స్టిట్యూట్ మూసేసి ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చేశాను. గది ఖాళీ చేసినప్పుడు ఆ కాగితం ఏమైందో నాకు గుర్తులేదు.

ఎందుకు పెట్టలేదో మాత్రం బాగా గుర్తుంది. ఆయన చదువుతుండగానే లెక్క వేసుకున్నాను. దొంగసొత్తు ఆయనింట్లో కూడా ఉందని నేను సాక్షి సంతకం పెడితే, నా గదిలో ఉన్నదీ అదేనని నా చేత్తో ఒప్పుకున్నట్టే. ఆయన్ని పిచ్చివాడు అనేసుకోవడం తేలిక. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

సాక్షి సంతకం లేని కాగితం చెల్లదు. ఆ సంగతి మా ఊళ్ళో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన దృష్టిలో ఆ తప్పు దిద్దుకోనట్టే. అలాగే పోయాడు.